నాలుగో ప్రశ్న

1999 జూన్‌లో నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సిస్టమ్స్ ఇంజినీర్‌గా చేరాను. కొత్తగా లేచిన గుండ్రటి భవనానికి కాస్త దూరంలో, ఇంకా పగలగొట్టని బండల పక్కన మా ఆఫీసు. ప్రోగ్రాములు రాసేది మేము కాదు. రాసేవాళ్ల యంత్రాలు ఆగకుండా చూడటం మా పని. సర్వర్లు, బ్యాకప్ టేపులు, యూజర్ ఖాతాలు, మోడెమ్‌లు మా కింద ఉండేవి. నా పై అధికారి సిస్టమ్స్ మేనేజర్ ఎస్తేరు గారు. మెదక్ వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం వారిది. ఇంట్లో సగం మంది నర్సులు, మిగతా సగం టీచర్లు. కంప్యూటర్ల దారి పట్టింది తనొక్కతేనని ఆవిడే చెప్పేది.

చేరిన మొదటి రోజే ఆవిడ నాకు నేర్పింది సర్వర్ గురించి కాదు, ఫోను ఎత్తే పద్ధతి. ఎవరైనా ఏదో పాడైందని ఫోను చేస్తే మేం అడగాల్సిన ప్రశ్నలు నాలుగు, వాటికి వరస ఉంది. ఇప్పుడు ఏది పనిచేస్తోంది? చివరిసారి అంతా బాగున్నది ఎప్పుడు? ముందుగా మీకు ఏది కావాలి? ఎవరు, ఎలా చేశారు? ఈ చివరిది మూడోదానికి జవాబు దొరికి, పని తిరిగి మొదలయ్యాకే అడగాలి. అంతకు ముందు అడిగితే ఆవిడ ఊరుకునేది కాదు.

దీనికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది ఒక ప్రోగ్రామర్ ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాపీలో వైరస్ వచ్చింది. అతని పేరు నోటీసు బోర్డులో పెట్టారు. ఆ తర్వాత వైరస్ వచ్చినవాళ్లంతా నోరు మెదపకుండా పక్కవాడి మిషను మీద పని కానిచ్చుకున్నారు. అంతస్తు మొత్తం అంటుకున్నాక గానీ మా విభాగానికి తెలియలేదు. అప్పటి నుంచి ఎస్తేరు గారు బోర్డు మీద పేర్లు పెట్టనివ్వలేదు. “తప్పు చేసినోన్ని కొడితే, తర్వాతోడు తప్పు మానడు, చెప్పుడు మానుతడు” అనేది.

ఇక అసలు సంగతి. సీనియర్ మేనేజర్లకు కంపెనీ ఇంటి దగ్గర ఒక కంప్యూటరూ మోడెమూ ఇచ్చేది. అమెరికాలో క్లయింటు ఆఫీసుకు వచ్చే వేళకు మనవాళ్లు ఇళ్లకు చేరి ఉంటారు కాబట్టి మెయిల్ అక్కడి నుంచే చూసుకోవాలి. ఇంటి ఫోను లైను మీద ఆఫీసు నంబరు తిప్పితే మా గదిలో వరసగా పేర్చిన మోడెమ్‌లలో ఒకటి ఎత్తుకుంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిపోతే లోపలికి రానిస్తుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్ కూడా తెరుచుకుంటుంది. ఆ రోజుల్లో బయట ఇంటర్నెట్‌ను గంటల లెక్కన కొనుక్కోవాలి, అదీ ఖరీదే. అందువల్ల ఇలాంటి పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడినా దానికి గిరాకీ ఉండేది.

ఇందులో ఒక చిక్కు ఉంది. లైను మధ్యలో తెగిపోతే ఆ సంగతి సర్వర్‌కు వెంటనే తెలియదు. మనిషి లోపలే ఉన్నాడనుకుని కాసేపు కొత్త కనెక్షన్ ఇవ్వదు. మేనేజర్లు విసుక్కోవడంతో, ఒక పేరు మీద ఒకేసారి రెండు కనెక్షన్లు వచ్చేలా ఏర్పాటు జరిగింది. అందుకే ఒకే పేరుతో ఇద్దరు లోపల ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు.

అక్టోబరులో సాయంత్రాలు లైను దొరకడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఒక గురువారం స్క్రీను తెరిచి లోపల ఎవరెవరున్నారో చూశాను. మధుసూదనరావు గారి పేరు రెండుసార్లు కనిపించింది. ఆయన డెలివరీ మేనేజర్, అంటే మూడు ప్రాజెక్టులకు పెద్ద. విచిత్రమేమిటంటే, ఆ సమయంలో ఆయన గాజు తలుపు అవతల మీటింగు గదిలో నాకు ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

ఎస్తేరు గారిని పిలిచాను. ఆవిడ స్క్రీను వైపోసారి, గాజు తలుపు వైపోసారి చూసింది.

“ఏంది శ్రీధర్, సారు ఈడ కూసున్నడు, ఆయన ఐడీ ఊరు మీద తిరుగుతున్నదా? ముందుగాల తాళం ఎయ్యి. పేరు తర్వాత రాస్కుందం.”

ఖాతాకు తాళం వేశాను. తర్వాతి మెట్టు, సెక్యూరిటీ కమిటీకి నివేదిక. పాస్‌వర్డ్ బయటివాళ్లకు ఇచ్చినట్టు తేలితే ఉద్యోగం నుంచి తొలగించే దాకా చర్య ఉండవచ్చని పాలసీలో ఉంది. మీటింగు ముగిశాక రావుగారికి విషయం చెప్పాను. ఆయనది గుంటూరు. మాట మర్యాదగానే ఉంటుంది, ఆ రోజు మాత్రం కాస్త గట్టిగా వచ్చింది.

“మా ఇంట్లో ఆ మిషను నేను తప్ప ఎవరూ ముట్టుకోరండీ. మావాడికి పాస్‌వర్డే తెలీదు. కావాలంటే మీరే వచ్చి చూసుకోండి. అసలు ఆ మోడెమ్ పట్టుకుపోండి శ్రీధర్ గారూ, పీడా పోతుంది. అది ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మావాడు పుస్తకం ముట్టుకోవట్లేదు.”

ఎవరూ ముట్టుకోని మిషను వల్ల అబ్బాయి చదువు ఎలా పోయిందో నాకు అర్థం కాలేదు. ఆయన హోదా దృష్ట్యా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం మూసాపేటలోని నా కిరాయి గది నుంచి స్కూటరు మీద కొండాపూర్ వెళ్లాను. అప్పట్లో అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ. రావుగారి ఫ్లాటు ఉన్న అపార్టుమెంటే ఆ వీధికి గుర్తు. తలుపు తీసింది ఆయన భార్య విజయగారు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. మజ్జిగ ఇచ్చి, నేను అడగకుండానే గొంతు తగ్గించి చెప్పారు.

“మీరు కంప్యూటరు చూడ్డానికొచ్చారు గానీ బాబూ, నాకు పిల్లాడి సంగతే బెంగగా ఉందండి. అన్నం కెలికి లేచిపోతున్నాడు. ట్యూషన్‌కి వెళ్లనంటాడు. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడతాడు. ఈయనేమో నెట్ పిచ్చి అంటారు. పిచ్చయితే దాని ముందు కూర్చోవాలి కదా? వీడు దాన్ని చూసి భయపడుతున్నాడు.”

ఆ ఇంట్లో సరైన పరిశీలన ఆవిడ ఒక్కరే చేశారని ఇప్పటికీ అనుకుంటాను.

కంప్యూటరు అబ్బాయి గదిలో ఉంది. అబ్బాయి పేరు చైతన్య, పదో తరగతి. నన్ను చూసి లేచి, “నమస్తే అంకుల్” అన్నాడు. నాకు ఇంకా పెళ్లి కాలేదని, అంకుల్ అని పిలిస్తే సంబంధాలు రావని చెప్పాను. నవ్వలేదు. బల్ల కింద ట్యూషను సంచీ లాంటిది ఉబ్బుగా ఉంది. పుస్తకాలు కాబోలనుకున్నాను.

మానిటరు పైన గోడకు మా కంపెనీ సెక్యూరిటీ పాలసీ అంటించి ఉంది, లామినేషన్ చేసి మరీ. ఆ రోజుల్లో మా ఆఫీసులకు నాణ్యత ఆడిట్ అంటే పెళ్లివారు వచ్చినంత హడావుడి. ప్రతి మిషను దగ్గరా పాలసీ కాగితం ఉండాలి, దాన్ని వాడే ప్రతి మనిషీ కింద సంతకం పెట్టి ఉండాలి. ఆడిటరు మొదట చూసేది అదే. రావుగారు అలాంటి విషయాల్లో ఎంత నికార్సయిన మనిషంటే, ఇంట్లో మిషనుకు కూడా ఆ నియమం పాటించారు. ‘అధీకృత యూజర్లు’ అన్నచోట రెండు సంతకాలున్నాయి. ఒకటి ఆయనది. రెండోది గుండ్రటి అక్షరాలతో, పదో తరగతి చేతిరాత.

నేను చూడటం రావుగారు చూశారు. బాల్కనీలోకి రమ్మన్నారు.

“రోజూ కాదండీ. బెంగుళూరు టూరు వెళ్లినప్పుడు ఫోను చేసి, ఒరే, కనెక్ట్ చేసి క్లయింటు మెయిలొచ్చిందేమో చదవరా అనేవాణ్ని. పాస్‌వర్డ్ చెప్పక తప్పలేదు. బయట ఎవరితోనూ అనొద్దన్నాను. వాడే ఏదో తగలేసుంటాడు. ఉండండి, పిలిచి నాలుగు తగిలిస్తే అదే బయటికొస్తుంది.”

కొంచెం ఆగమని, హాల్లో ఉన్న ఫోను నుంచి ఎస్తేరు గారికి చేశాను. శనివారం డ్యూటీ ఆవిడదే. గోడ మీద పాలసీ, కింద అబ్బాయి సంతకం సంగతి చెప్పాను.

“పదిహేనేండ్ల పిల్లగాడు సంతకం పెట్టిండా? తీసేస్తమని రాసున్న కాయితం కిందనా? గింత పెద్ద సారుకు గింత తెల్వదా?” అని, తర్వాత మామూలు గొంతుతో, “ఇది ఫాల్టు కాల్ అనుకో. మన పద్ధతే. మూడు అడుగు. నాలుగోది అడగకు. సారును ఆడనే కూసోమను, జర నోరు తెర్వద్దని చెప్పు” అంది.

డెలివరీ మేనేజర్‌కు ఆ చివరి వాక్యం ఎలా అందజేయాలో ఆలోచించి, సిస్టమ్స్ విభాగం పద్ధతి ప్రకారం తనిఖీ సమయంలో నిశ్శబ్దం కావాలని చెప్పాను. ఆయన హాల్లో, గది తలుపు దగ్గరి కుర్చీలో పేపరు తెరుచుకుని కూర్చున్నారు.

మోడెమ్ విప్పే పని పక్కన పెట్టి నేలమీద కూర్చున్నాను. చైతన్య మంచం అంచున కూర్చున్నాడు. ఇప్పుడు ఏది పనిచేస్తోందని అడిగాను. కంప్యూటరు బాగానే ఉందన్నాడు. కంప్యూటరు గురించి కాదన్నాను. గోళ్లు చూసుకుంటూ, ఏదీ పనిచేయట్లేదన్నాడు. చివరిసారి అంతా బాగున్నది ఎప్పుడంటే, క్వార్టర్లీ పరీక్షలకు ముందన్నాడు. మూడోది అడిగాను.

“ముందుగా నీకేం కావాలి?”

వంటింట్లో కుక్కరు కూత వేసింది. అది ఆగాక చెప్పాడు.

“నాన్న ఉద్యోగం పోకూడదు.”

హాల్లో పేపరు చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత నేనేమీ అడగలేదు. వాడే చెప్పాడు. వేసవిలో క్రికెట్ కబుర్ల చాట్ రూములో ఒకడు పరిచయమయ్యాడు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు, స్కోర్లు అందరికంటే ముందు చెప్పేవాడు. తాను సిస్టమ్ అడ్మిన్‌నని చెప్పుకున్నాడు. నీ లైను నెమ్మదిగా ఉంది, సర్వర్ నుంచి సరిచేస్తాను, పేరూ పాస్‌వర్డూ ఇవ్వు అన్నాడు. వీడు ఇచ్చాడు. కొన్నాళ్లకు అతని మాట మారింది. నువ్వు ఇచ్చింది కంపెనీ పాస్‌వర్డ్, నేను ఒక్క మెయిలు పెడితే మీ నాన్న ఇంటికే, అలా కాకూడదంటే ఇంకో మేనేజరుది తెచ్చివ్వు అన్నాడు. సోమవారం దాకా గడువు పెట్టాడు.

“వాడు అబద్ధం చెప్తున్నాడేమో అనుకున్నా. కానీ ఇక్కడ కూడా అదే రాసుంది కదా” అని గోడ వైపు చూపించాడు. “నాన్న ఎవరికీ చెప్పొద్దన్నారు. పాస్‌వర్డ్ నాకెలా తెలిసిందని అడిగితే నాన్న పేరే చెప్పాలి. అందుకే రేపు పొద్దున్నే ఎక్కడికైనా వెళ్లిపోదామనుకున్నా. నేను లేకపోతే, చేసింది వీడేనని తెలిసిపోతుంది. అప్పుడు నాన్ననేం అనరు.”

బల్ల కింద సంచీలో ఉన్నవి పుస్తకాలు కావు, రెండు జతల బట్టలు.

ఏ నిర్ణయానికి ఏ కారణమో వాడు వరసగా, లెక్క చేసి చూపించినట్టు చెప్పాడు. లెక్కలో తప్పు వెతికితే మొదటి అంకె దగ్గరే ఉంది. చెబితే ఉద్యోగం పోతుందన్న ఆ అంకె పెద్దవాళ్లు ఇచ్చింది.

నాకు తెలిసినంత మేరకే మాట్లాడాను. సిస్టమ్ అడ్మిన్ పని నిజంగా చేసేది నేను. మాకు ఎవరి పాస్‌వర్డూ అడగాల్సిన అవసరం రాదు, కావాలంటే కొత్తది పెట్టగలం. అడిగినవాడు అడ్మిన్ కాదని ఆ ఒక్క గుర్తుతోనే చెప్పవచ్చు. గురువారమే ఖాతాకు తాళం వేశాను కాబట్టి ఆ చాట్ మనిషి చేతిలో ఉన్నది ఇప్పుడు ఏ తలుపుకూ సరిపడని తాళంచెవి. వాడికి జవాబు రాయకు, కానీ వాడు పంపినవి చెరపకు అని చెప్పాను.

“అయితే నాన్న ఉద్యోగం?”

నివేదిక ఇవ్వాల్సిందే. తెలియదనే చెప్పాను.

రావుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నాలుగు తగిలిస్తానన్న మనిషి లోపలికి రావడానికి మొహమాటపడుతున్నారు.

“ఒరే చైతూ, పాస్‌వర్డ్ నీకిచ్చింది నేను. చెప్పొద్దన్నదీ నేనే. ఈ సంతకం నీతో పెట్టించిందీ నేనేరా. సోమవారం నేనే వెళ్లి చెప్తాను.”

“చెప్తే తీసేస్తారు నాన్నా.”

“తీసేస్తే ఇంకోటి చూసుకుంటాను. నువ్వు సంచీ సర్దుకోవడమేంట్రా?”

విజయగారు ఎప్పుడు వచ్చారో, చేతిలో గరిట అలాగే ఉంది. ఆవిడ బల్ల మీదుగా వంగి లామినేషన్ కాగితాన్ని గోడ నుంచి ఊడపీకారు. దానితో పాటు కాస్త సున్నం కూడా ఊడింది. “ఆఫీసుని ఆఫీసులో పెట్టుకోండి. ఇది ఇల్లు” అని, అది తెచ్చి భర్త చేతిలో పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయారు. కాసేపటికి ఆ బట్టలు మడిచి బీరువాలో పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు నేను మోడెమ్ తీసుకురాలేదు. రావుగారే సోమవారం స్వయంగా తెచ్చి అప్పగించారు.

నివేదిక విషయంలో ఎస్తేరు గారికి రెండో ఆలోచన లేదు. జరిగింది జరిగినట్టు రాయాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. రావుగారు మాత్రం నా నివేదిక కమిటీకి చేరక ముందే వెళ్లి చెప్పేశారు. పాస్‌వర్డ్ అబ్బాయికి చెప్పింది తానని, అబ్బాయిని ఒక బయటివాడు మోసగించాడని, గురువారం నాతో చెప్పింది నిజం కాదని. కమిటీ మూడు పనులు చేసింది. ఆయనకు హెచ్చరిక మెమో ఇచ్చింది. ఇంటి కనెక్షన్ కొంతకాలం ఆపింది. పాస్‌వర్డ్‌లన్నీ మార్పించింది. ఆ బయటివాడు ఏ ఫోను నుంచి వచ్చేవాడో కనిపెట్టమని రాసి ఇచ్చాం గానీ ఏమీ తేలలేదు. ఇలాంటి వాటికి అప్పటికి ప్రత్యేక చట్టం కూడా లేదు.

ఉద్యోగం పోలేదని రావుగారు నోటిమాటగా చెబితే చైతన్య నమ్మలేదట. అందుకని ఆయన మెమో నకలు ఇంటికి తీసుకువెళ్లి వాడి చేతికిచ్చారు. అది సగం పేజీ కూడా లేదు. వాడు రెండుసార్లు చదివి, “ఇంతేనా?” అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు రావుగారు నవ్వారు. అయినా తనకు జీవితంలో వచ్చిన మొదటి మెమో అని గుర్తుచేయడం మానలేదు.

అంతటితో అంతా సర్దుకుపోయిందని చెప్పను. మరికొన్ని వారాలు అబ్బాయికి సరిగా నిద్ర పట్టలేదు. విజయగారు డాక్టరు దగ్గరికి తీసుకువెళదామంటే, పిల్లల మనసు డాక్టరంటే నలుగురూ ఏమంటారోనని రావుగారు తటపటాయించారు. ఈసారి ఆయనతో ఎస్తేరు గారే మాట్లాడింది. ఆవిడ వదిన ఒక దవాఖానలో నర్సు. “జరమొస్తే పోతం గద సార్, ఇది గూడ గంతే. గిండ్ల నామోషీ ఏమున్నది?” అంది. వెళ్లారు. కొన్నాళ్లు వెళ్తూనే ఉన్నారు. అబ్బాయి మళ్లీ ట్యూషన్‌కు వెళ్లి పరీక్షలు రాశాడు.

మేము ఊహించనిది మరొకటి జరిగింది. మెమోతో వ్యవహారం ముగిసిందని తెలిశాక, మరికొందరు మేనేజర్లు ఒక్కొక్కరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. టీ తాగుదామా అని మొదలుపెట్టి, తమ ఇంట్లో పిల్లలకు కూడా పాస్‌వర్డ్ తెలుసని చల్లగా చెప్పారు. అందరూ టూర్లకు వెళ్లేవాళ్లే. అందరూ ఫోను చేసి, “మెయిలొచ్చిందేమో చూడరా” అన్నవాళ్లే. ఫ్లాపీల కాలం నాటి కథ అంతస్తు నుంచి ఇళ్లకు మారింది, అంతే తేడా.

ఎస్తేరు గారు నాతో ఇంటి వాడకానికి ఒక కొత్త పత్రం రాయించింది. కంపెనీ మెయిలుతో సంబంధం లేని వేరే ఖాతా పిల్లలకు ఉండాలని, కంప్యూటరు నలుగురూ తిరిగే గదిలో పెట్టాలని, పేరు, ఫోటో, పాస్‌వర్డ్, బడి వివరాలు అడిగినవాడు ఎంత మంచిగా మాట్లాడినా ఇంట్లో చెప్పాలని రాశాను. ఆవిడ చదివి, అంతా బాగుంది గానీ పని చేసే వాక్యం లేదంది. కింద తన చేత్తో చేర్చింది: ‘చెప్పినందుకు కనెక్షన్ తీసెయ్యం.’ పిల్లల సంతకం కోసం నేను వదిలిన ఖాళీ కొట్టేసి, అక్కడ తల్లిదండ్రుల సంతకం అని రాసింది.

తర్వాతి ఉద్యోగాల్లో ఎన్నో కట్టడి సాఫ్ట్‌వేర్లు పెట్టాను. కొన్ని అవసరమే. అయితే ఏ కట్టడి అయినా కొంత దూరమే చూస్తుంది. మిగతాది పిల్లలు వచ్చి చెప్పాలి. చెబితే ఏం పోతుందో వాళ్లు ముందే లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో శిక్ష పెద్దదిగా కనిపిస్తే చెప్పరు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఫోను పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. ఈ కథ దానికి ఎన్నోసార్లు చెప్పాను, ప్రతిసారీ విసుక్కునేది.

“నాన్నా, ఒకటి చెప్పాలి. మూడే అడగాలి. నాలుగోది తర్వాత.”

నేను చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాను. ఇప్పుడు ఏది పనిచేస్తోందని అడిగాను.